తడి లేదని రాసిన సీసా

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం పెద్ద పెద్ద పాలిథిలిన్ ఫ్యాక్టరీలలో గడిచింది. వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. ఏ ఏడాది ఏ హోదా వచ్చింది, ఏ కమిటీలో కూర్చున్నాను అన్నవి మీకు అక్కరలేదు, నాకూ సరిగ్గా గుర్తులేవు. ఈ పని అంటే ఏమిటో నాకు తెలిసింది అంతకు ముందే, ఎనభైల చివరిలో, తిరుపతిలో ఒక కాలేజీ వెనకాల ఉన్న రెండు గదుల ప్రయోగశాలలో. అక్కడ నాలుగేళ్ళు రీసెర్చ్ అసిస్టెంటుగా ఉన్నాను.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కనిపించినప్పుడు నన్ను అణువుల గురించి, కంప్యూటర్ లెక్కల గురించి అడుగుతారు. ఎండబెట్టడం గురించి ఎవరూ అడగరు. మా పనిలో సగం ఎండబెట్టడమే. మిగతా సగం, ఎండినది మళ్ళీ తడవకుండా చూసుకోవడం. ఆ రెండో సగంలో నేను తప్పు చేశాను. దానికి మాట పడింది నేను కాదు, నాతో పనిచేసిన ఒక అమ్మాయి. ప్రాణం మీదికి వచ్చేదే, రాలేదు. అందుకే ఇన్నేళ్ళ తరవాత దీన్ని తేలికైన మనసుతో రాయగలుగుతున్నాను.

మడి

మా ప్రొఫెసర్ పేరు వరదాచారి. ఆయన పెద్దలంతా గుడి సేవలో ఉన్నవాళ్ళు. ఆయన ఒక్కరే రసాయన శాస్త్రంలోకి వచ్చారు. నుదుట నామం, ఒంటి మీద తెల్లకోటు, కోటు జేబులో ఎప్పుడూ ఒక స్పానర్. నేను చేరిన మొదటి రోజు నైట్రోజన్ సిలిండర్ పక్కన నిలబెట్టి చెప్పారు.

"మా ఇంట్లో తడిబట్ట కట్టుకుంటే మడి. ఈడ తడి తగిలితే మైల. తేడా అంతే. మిగిలిందంతా ఒకటే. ముట్టుకోవద్దంటే ముట్టుకోవద్దు. గాలి తగలకూడదంటే తగలకూడదు. నీకు అర్థం కాకపోయినా సరే, ముందు పాటించు."

మేము చేయబోయే పని అప్పటికి ప్రపంచంలోనే కొత్తది. మెటలోసీన్ అనే ఉత్ప్రేరకంతో పాలిథిలిన్ చేయడం. మెటలోసీన్ అంటే రెండు కార్బన్ ఉంగరాల మధ్య ఇరుక్కున్న ఒక లోహపు పరమాణువు. మేము వాడిన లోహం జిర్కోనియం. ఆ ఉంగరాలు ఒకవైపు దగ్గరగా, ఇంకోవైపు ఎడంగా, సగం తెరిచిన చిప్పలా ఉంటాయి. తెరిచిన వైపు రెండు క్లోరిన్లు కూర్చుని ఉంటాయి. వాటిని లేపి ఒక చోటు ఖాళీ చేస్తే తప్ప పని మొదలుకాదు. లేపేది ఒక అల్యూమినియం పదార్థం. దాని పేరు పొడుగు, మేము ఎమ్మేఓ అనేవాళ్ళం. చోటు ఖాళీ కాగానే ఎథిలీన్ వాయువు వచ్చి కూర్చుంటుంది, గొలుసులో కలిసిపోతుంది, చోటు మళ్ళీ ఖాళీ అవుతుంది, ఇంకో ఎథిలీన్ వస్తుంది. అలా పెరిగిన పొడుగాటి గొలుసే పాలిథిలిన్.

ఇందులో గొప్ప ఏమిటో సారు మా గాజు పనివాడు మునిరత్నానికి చెబుతుంటే నేను విన్నాను. మునిరత్నానిది నగరిలో మరమగ్గాల కుటుంబం. మగ్గం వదిలి గాజు ఊదడం నేర్చుకున్నాడు. మా గాజు గొట్టాలు, ఫ్లాస్కులు అన్నీ అతని చేతి మీదే తయారయ్యేవి.

"మునిరత్నం, పాత క్యాటలిస్టు ఎట్లాంటిదంటే, మీ వీధిలో పది మగ్గాలు ఉండాయి, ఒకదానికి పన్నా ఎక్కువ, ఒకదానికి తక్కువ, ఒకటి వదులు, ఒకటి బిగువు. ఒక్కోదాంట్లో ఒక్కో రకం గుడ్డ వస్తాది. ఈ కొత్తదాంట్లో మగ్గాలన్నీ ఒకటే. అందుకని గుడ్డంతా ఒకటే రకం."

"అట్లయితే మంచిదే గదా సార్. మరి మీ ఇద్దరి మొగాలు అట్లుండాయేంది?" అన్నాడు మునిరత్నం.

మా ముఖాలు అలా ఉండడానికి కారణం రియాక్టర్ గోడలు, అంటే పాలిథిలిన్ తయారయ్యే పాత్ర గోడలు. ఉత్ప్రేరకాన్ని టొలుయీన్ అనే ద్రావకంలో కరిగించి వాడితే పాలిథిలిన్ బాగానే వచ్చేది. కానీ మూత తీస్తే గోడలకు, తిప్పే రెక్కలకు అది, గిన్నెకు సంగటి మాడు పట్టినట్టు పట్టి ఉండేది. గీకడానికి ఒక పూట పట్టేది. మా చిన్న రియాక్టర్‌లో అయితే గీకగలం. రోజంతా ఆగకుండా నడిచే ఫ్యాక్టరీలో ఎవరు గీకుతారు? ఫ్యాక్టరీవాళ్ళకు కావలసింది ధారగా జారిపోయే పొడి.

దానికి దారి, ఉత్ప్రేరకాన్ని ద్రావణంలో తిరగనివ్వకుండా దేనికైనా పట్టించడం. మేము ఎంచుకున్నది సిలికా. తెల్లటి సన్నటి పొడి, ప్రతి రేణువు నిండా కంటికి కనపడని రంధ్రాలు. ముందు ఎమ్మేఓను ఆ రంధ్రాల గోడలకు పట్టించాలి, తరవాత జిర్కోనియం పదార్థాన్ని దాని మీద కూర్చోబెట్టాలి. ఇక ఎథిలీన్ వదిలితే గొలుసులు రేణువు లోపలే పెరుగుతాయి. పెరిగే కొద్దీ సిలికా లోపల్లోపలే చిట్లిపోతుంది, కానీ ముక్కలు చెదరవు, పాలిథిలిన్ వాటిని పట్టి ఉంచుతుంది. బియ్యపు గింజ వేగి బొరుగు అయినట్టు రేణువు ఉబ్బుతుంది, ఆకారం మాత్రం అదే. గోడకు అంటుకోదు.

ఇదంతా జరగాలంటే సిలికాలో నీళ్ళు ఉండకూడదు. సిలికా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎమ్మేఓలో మిగిలి ఉండే ఇంకో అల్యూమినియం పదార్థానికి నీళ్ళు తగిలితే మెథేన్ వాయువు పుడుతుంది, వేడి పుడుతుంది. కొంచెం తడి ఉంటే ఉత్ప్రేరకం పాడవుతుంది. ఎక్కువ ఉంటే ఫ్లాస్కు పేలుతుంది, టొలుయీన్‌కు నిప్పు అంటుకుంటుంది.

ఎండాకాలంలో కుదిరింది

సిలికా ఎండబెట్టే బాధ్యత నాది. కరెంటు ఫర్నేస్‌లో, నైట్రోజన్ పారుతుండగా, ఆరువందల డిగ్రీల దగ్గర ఒక పగలంతా ఉంచాలి. నేను ఎండబెట్టి ఇస్తే, దాని మీద ఉత్ప్రేరకాన్ని కూర్చోబెట్టేది సుగుణ. చిత్తూరులో బడిపంతులు గారి కూతురు, డాక్టరేట్ కోసం చేరింది. నన్ను అన్నా అని పిలిచేది. తక్కువ మాట్లాడేది, ఎక్కువ రాసేది. ఆమె నోట్‌బుక్‌లో ఉష్ణోగ్రత, సమయం మాత్రమే కాదు, బబ్లర్ ఎలా కొట్టుకుందో కూడా ఉండేది. బబ్లర్ అంటే చిన్న గాజు బుడ్డి, అందులో నూనె. ఫ్లాస్కు నుంచి బయటికి పోయే వాయువు ఆ నూనెలోంచి బుడగలు బుడగలుగా పోవాలి. లోపల ఏం జరుగుతోందో ఆ బుడగలను బట్టి తెలుస్తుంది.

ఆ ఎండాకాలం మాకు మొదటిసారి కుదిరింది. రియాక్టర్ వడగట్టి చూస్తే తెల్లటి పొడి, విడివిడిగా, చేతిలోంచి జారిపోతూ. గోడలు శుభ్రంగా ఉన్నాయి. వరదాచారి సారు ఆ పొడిని కాగితం మీద పోసుకుని, ఇటు వంచి అటు వంచి చాలాసేపు చూశారు. "దీన్ని ఇట్లనే ఇంకో పది సార్లు చేయండి" అన్నారు. మెచ్చుకోవడం అంటే ఆయన దగ్గర అంతే.

పది సార్లు చేయాలంటే పది సార్లు సిలికా ఎండబెట్టాలి. మధ్యలో కరెంటు పోతే మొదటికి వస్తుంది. నిజానికి ఎండిన సిలికాను ప్రతిసారీ గాజు గొట్టంలో నైట్రోజన్ కింద పెట్టి, మునిరత్నం చేత మూతి కరిగించి మూయించాలని సారు మొదట్లోనే చెప్పారు. నాకు అది పెద్ద తతంగం అనిపించింది. నేనేం చేశానంటే, కరెంటు సరిగ్గా ఉన్న నాలుగు రోజులు చూసుకుని చాలా సిలికా ఒకేసారి ఎండబెట్టాను. ఒక పెద్ద సీసాలో పోసి, గాజు బిరడాకు గ్రీజు రాసి బిగించాను. సీసాను మూత ఉన్న గాజుపాత్రలో పెట్టాను. దాని అడుగున తేమ పీల్చే నీలం గింజలు పోశాను. సీసా మీద కాగితం అంటించి, "ఎండిన సిలికా, తడి లేదు" అని రాసి సంతకం పెట్టాను.

ఆ ఎండల్లో దానికేమీ కాలేదు. నేను తెలివైన పని చేశాననుకున్నాను.

వానల్లో

వానలు మొదలయ్యాక ఏదీ కుదరలేదు. ఒకసారి పాలిథిలిన్ చెంచాడు వచ్చింది. ఇంకోసారి మళ్ళీ గోడలకు అంటుకుంది. పద్ధతి అదే, చేతులు అవే. సుగుణ రెండుసార్లు అన్నీ కడిగి, ఆరబెట్టి, మొదటి నుంచి చేసింది. ఫలితం మారలేదు.

ప్రాజెక్టు కొనసాగించాలా వద్దా తేల్చడానికి, దానికి డబ్బిచ్చే ఢిల్లీ ఆఫీసు నుంచి ఇద్దరు వస్తారని ఉత్తరం వచ్చింది. అప్పటి నుంచి వరదాచారి సారు మాట తీరు మారింది. ఒక సాయంత్రం మా ఇద్దరినీ పిలిచారు.

"ఎండాకాలంలో వచ్చింది ఇప్పుడెందుకు రాదు? ఏం మారిందో చెప్పండి."

సుగుణ నోట్‌బుక్ తెరిచింది. "సార్, ఎమ్మేఓ పోస్తా ఉంటే బబ్లర్ చానా సేపు కొట్టుకుంటా ఉండాది. ఎండాకాలంలో ఇట్ల లేదు. అప్పుడు కొంచేపు కొట్టుకోని ఆగిపోయినాది. ఈడ రాసినాను, సూడండి."

సారు నోట్‌బుక్ వైపు చూడలేదు. "బుడగలు కాదమ్మా. నీ చేతి తడి. గొట్టాలు సరిగ్గా ఆరకుండానే వాడుతున్నావు. చెయ్యి కుదురులేని వాళ్ళు ఈ పనికి పనికిరారు. నీ ఫెలోషిప్ కాగితం మీద ఈ ఏడు ఏం రాయాలో నేను ఆలోచించుకోవాల."

ఆమె నోట్‌బుక్ మూసి, చున్నీ కొసతో అట్ట తుడిచింది.

నేను పక్కనే ఉన్నాను. ఆ గాజుపాత్ర అడుగున నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగి చాలా రోజులైందని నాకు తెలుసు. తేమ పట్టిందనడానికి అదే గుర్తు. ప్రతిసారీ చూస్తూ, రేపు మార్చాలి అనుకుంటూ వచ్చాను. సీసాకు బిరడా ఉంది కదా, లోపలికి ఏం పోతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ బిరడాను ఆమె కోసం నేనే వారానికి రెండు మూడు సార్లు తీసి సిలికా తోడి ఇస్తున్నాను, ఆ వాన గాలిలోనే. అయినా నోరు తెరవలేదు. తప్పు నాదని అప్పటికి ఖాయంగా తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

సారు ఒక నిర్ణయం చెప్పారు. వచ్చే సోమవారం పది రెట్ల పరిమాణంలో ఉత్ప్రేరకం చేద్దాం, ఢిల్లీవాళ్ళకు చూపించడానికి సరిపోతుంది, సీసాలో మిగిలిన సిలికా మొత్తం వాడేద్దాం. "ఈసారి నేనే పక్కన నిలబడతా. చెయ్యి ఎట్లా తడబడుతుందో చూస్తా" అన్నారు.

మునిరత్నం చూసింది

ఆ శనివారం మధ్యాహ్నం, సిలికా నమూనా ఒకటి మద్రాసు పంపవలసి వచ్చింది. రంధ్రాల వైశాల్యం కొలిచే యంత్రం మా దగ్గర లేదు. చిన్న గాజు గొట్టంలో సీసాలోని పొడి కొంచెం పోసి, మూతి మూయించడానికి మునిరత్నం గదికి వెళ్ళాను.

అతను గాజు పగలకుండా ముందు గొట్టాన్ని మంట మీద మెల్లగా తిప్పుతూ కాచాడు. తిప్పడం ఆపి, గొట్టాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఈ పొడిలో నీళ్ళుండాయే."

"అది ఆరువందల డిగ్రీల్లో కాలిన పొడి అన్నా. నీళ్ళు యాడనుంచి వస్తాయి?"

"యాడనుంచి వస్తాయో నాకేం తెలుసు. ఉండాయి. సూడు."

గొట్టం పై భాగాన, చల్లగా ఉన్న చోట, అద్దం మీద ఊదినట్టు పొగమంచు పట్టింది.

"వానాకాలం గదా. గొట్టం లోపలి గాలిలో తేమ అయ్యుంటాది" అన్నాను.

మునిరత్నం పెట్టెలోంచి అలాంటిదే ఇంకో గొట్టం, ఖాళీది, తీశాడు. అదే మంట మీద అంతే సేపు తిప్పాడు. వెలుగులోకి ఎత్తాడు. గాజు తేటగా ఉంది.

"ఇది ఈ గదిలో గాలే" అన్నాడు. తరవాత నా గొట్టాన్ని మళ్ళీ మంట మీద పెట్టాడు, ఈసారి అడుగున పొడి ఉన్నచోట. పొగమంచు చుక్కలైంది. ఒక చుక్క ఇంకో చుక్కతో కలిసి గాజు వెంట కిందికి జారింది.

పోల్చి చూడడానికి ఒక ఖాళీ గొట్టం కూడా పెట్టాలన్నది మేము డిగ్రీలో చదువుకున్న మొదటి పాఠం. అతనికి ఎవరూ చెప్పలేదు. మూడు నెలలుగా మా ముగ్గురికీ అది తోచలేదు.

"ఈ పొడినేనా ఆ సుగుణమ్మ వాడేది?" అని అడిగాడు.

అవునన్నాను.

"అయితే ఆ బిడ్డ తప్పేముండాది ఇందులో?"

ఆదివారం

ఆ సాయంత్రమే వరదాచారి సారు ఇంటికి బయలుదేరాను. వాళ్ళ వీధి మొదటిదాకా వెళ్ళాను. గుమ్మం ముందు ఆయన చెప్పులు కనిపించాయి. ఏమని మొదలుపెట్టాలో తేలక వెనక్కి తిరిగి బస్టాండుకు పోయాను. చంద్రగిరిలో మా ఇంటికి చేరాను. సోమవారం ఉదయం పదింటికి కదా పని, తొమ్మిదింటికల్లా వెళ్ళి చెబుదాం అనుకున్నాను. వాయిదా వేయడానికి మనిషికి ఎప్పుడూ ఒక లెక్క దొరుకుతుంది.

మా నాయన ఒక సత్రంలో గుమాస్తాగా చేసి మానేసిన మనిషి. ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని నన్ను గమనించాడు.

"ఏమ్రా, కంచంలో చెయ్యి పెట్టి యాడ సూస్తా ఉండావు?"

చెప్పాను. సిలికా, ఎమ్మేఓ ఆయనకు తెలియవు. సీసా అర్థమైంది, సంతకం అర్థమైంది.

"నీవల్ల ఆ బిడ్డకు మాట పడిందా?"

"పడింది నాయనా."

"అట్లయితే నాతో ఎందుకు చెప్తా ఉండావు? నేనేమన్నా మీ ప్రొఫెసర్నా?" అన్నాడు. మజ్జిగ పోసుకుని, ఇక ఆ ఊసు ఎత్తలేదు.

సోమవారం

పొద్దున మొదటి బస్సు ఎక్కాను. రాత్రి కురిసిన వానకు దారిలో కాలువ పొంగి రోడ్డు మీద పారుతోంది. బస్సు ఆగిపోయింది. అవతలి ఒడ్డున లారీలు, ఇవతల మేము. నీళ్ళు తగ్గేదాకా కదలదని కండక్టర్ చెప్పాడు. ఫోన్ చేద్దామంటే దగ్గరలో ఎక్కడా లేదు. చెప్పులు చేతిలో పట్టుకుని, ఇంకో ఇద్దరితో కలిసి మోకాలి లోతు నీళ్ళలో దాటాను. అవతల ఒక లారీ అతను ఎక్కించుకున్నాడు.

నేను ప్రయోగశాల వరండాలోకి వచ్చేసరికి తొమ్మిదిన్నర. పదింటికి మొదలవ్వాలి. కానీ సారు ముందే మొదలుపెట్టించినట్టున్నారు, లోపల నుంచి బబ్లర్ చప్పుడు వినిపించింది. మామూలుగా అది టుక్, టుక్ అని కొట్టుకుంటుంది. అప్పుడు బియ్యం దొర్లించినట్టు ఆగకుండా మోగుతోంది.

తలుపు తోశాను. పెద్ద ఫ్లాస్కు ఐసు తొట్టిలో ఉంది. దాని మీద ఎమ్మేఓ నింపిన గరాటు. సుగుణ చెయ్యి గరాటు కింది బిరడా మీద ఉంది. సారు ఆమె భుజం పక్కన నిలబడి, "కొంచెం వేగంగా పోయమ్మా, ఇట్లయితే మధ్యాహ్నం అవుతాది" అంటున్నారు. బబ్లర్‌లోంచి నూనె చింది బల్ల మీద పడుతోంది.

"ఆపమ్మా! మూసెయ్!" అని అరిచాను.

ఎందుకని ఆమె అడగలేదు. నేను మాట పూర్తి చేసే లోపే బిరడా తిప్పేసింది. తరవాత చెప్పింది, ఆ చప్పుడు విన్నప్పటి నుంచి ఎవరైనా ఆపమంటే బాగుండునని అనుకుంటూనే ఉందట.

"సిలికాలో నీళ్ళుండాయి సార్. నా సీసాలో" అన్నాను.

సారు ఒక్కసారి ఫ్లాస్కు వైపు చూశారు, తొట్టిలో వేగంగా కరిగిపోతున్న ఐసు వైపు చూశారు. మారు మాట లేకుండా నైట్రోజన్ పెంచారు, కరెంటు మెయిన్ తీసేశారు. నేను ఐసు తెచ్చి పోశాను. ముగ్గురం వరండాలోకి వచ్చి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం. బబ్లర్ బియ్యం చప్పుడు కాస్త కాస్త తగ్గింది. మళ్ళీ టుక్ టుక్ అయింది. చివరికి నైట్రోజన్ బుడగలు మాత్రమే మిగిలాయి. గరాటులో ఇంకా ముప్పాతిక ఎమ్మేఓ అలాగే ఉంది. అదంతా దిగి ఉంటే ఆ గది, అందులో ఉన్న ఇద్దరు ఏమై ఉండేవాళ్ళో ముగ్గురికీ తెలుసు.

వరండా మెట్టు మీద కూర్చుండిపోయాను. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. ఆ రోజు పీల్చినంత నిండు ఊపిరి నా జీవితంలో మళ్ళీ పీల్చలేదు.

మెట్టు మీద కూర్చునే మొత్తం చెప్పాను. సీసా, గ్రీజు బిరడా, గులాబీ రంగు గింజలు, మునిరత్నం గొట్టాలు. సారు విన్నారు. ముందు సుగుణ వైపు తిరిగారు.

"నువ్వు బుడగలు చూపిస్తే నేను చూడలేదు. తప్పు నాది. నన్ను క్షమించమ్మా."

ఆమె తల ఊపింది. ఆయన నా వైపు తిరిగారు.

"మునిరత్నం నీకు ఎప్పుడు చూపించినాడు?"

"శనివారం సార్."

"శనివారం." కిటికీలోంచి ఫ్లాస్కు వైపు చూశారు. "సీసా సంగతి నేను మర్చిపోతానయ్యా. శనివారం తెలిసింది సోమవారం చెప్పినావే, దాన్ని నువ్వు మర్చిపోవద్దు."

ఆయన నన్ను అన్నది అంతే. గట్టిగా కూడా అనలేదు.

ఆ తరవాత నేను చాలామంది పైఅధికారుల కింద పనిచేశాను. వరదాచారి సారు తొందరపడే మనిషి. పరీక్షించకుండా ఒక అమ్మాయి మీద నింద వేశారు, అది చిన్న తప్పు కాదు. కానీ తప్పు తేలిన నిమిషంలో, అది ఎవరిదని వెతకక ముందే, తన వంతు తీసుకుని ఆమె ముందు పెట్టిన పైఅధికారిని నేను ఇంకొకరిని చూడలేదు. ఢిల్లీకి ఉత్తరం ఆయనే రాశారు. సిలికా నిల్వ చేసే పద్ధతిలో లోపం వల్ల ఆలస్యమైందని రాశారు. అందులో ఎవరి పేరూ లేదు. వాళ్ళు ఇంకొంత గడువు ఇచ్చారు.

మళ్ళీ

ఆ సీసా ఖాళీ చేశాం. సిలికా కొత్తగా ఎండబెట్టాం. ఈసారి ఒక్కో ప్రయోగానికి సరిపడా ఒక్కో గొట్టంలో, నైట్రోజన్ కింద, మునిరత్నం మూతి కరిగించి మూశాడు. ప్రతి విడతలో ఒక గొట్టాన్ని తీసి, ఎథిలీన్ జోలికి పోకముందే, మంట మీద కాచి చూసేవాళ్ళం. గాజు తేటగా ఉంటేనే మిగతావి వాడేవాళ్ళం. నేను తరవాత పనిచేసిన ఫ్యాక్టరీలలో తేమ కొలవడానికి మంచి మంచి యంత్రాలు ఉండేవి. వాటిని నమ్మాను, కానీ కొత్త సరుకు వచ్చినప్పుడు ఒక చిటికెడు గొట్టంలో కాచి చూసే అలవాటు మానలేదు. మీరూ చూడండి. ఐదు నిమిషాల పని.

వానలు ఇంకా పడుతుండగానే సుగుణ మళ్ళీ ఉత్ప్రేరకం చేసింది. బబ్లర్ కొంచెంసేపు కొట్టుకుని ఆగింది. మర్నాడు రియాక్టర్ నడిపాం. మూత తీయడానికి సారు మునిరత్నాన్ని పిలిపించారు. అతను స్పానర్ తిప్పి, మూత ఎత్తి, లోపలికి తొంగి చూశాడు.

"ఇదేనా సార్, ఇన్నాళ్ళు మీరు కొట్లాడింది? చక్కెర మాదిరి ఉండాది."

గోడలు తళతళలాడుతున్నాయి. వడగట్టి, ఆరబెట్టి పళ్ళెంలో పోస్తే పొడి ధారగా జారింది. సారు నవ్వారు. సుగుణ పొడిని ఒక అరచేతిలోంచి ఇంకో అరచేతిలోకి పోసుకుంటూ చాలాసేపు నిలబడింది. మిగతావాళ్ళు టీకి వెళ్ళాక నేను ఆమెతో, "నన్ను క్షమించమ్మా" అన్నాను.

"నీ మీద కోపం లేదన్నా. కానీ ఆ మూడు నెలలు ఏమైందో తెలుసా? రోజుకు ఇరవై సార్లు చేతులు తుడుచుకుంటా ఉంటి. చిత్తూరు బస్సులో కూర్చోని కూడా అరచేతులు సూసుకుంటా ఉంటి, తడి యాడుండాదా అని. సారు అన్నాడని కాదు. నాకే నమ్మకం పోయినాది." పొడిని పళ్ళెంలోకి వదిలేసి, "ఇప్పుడు ఫరవాలేదులే" అంది.

సిలికాకు తడి పడితే కాల్చి ఆరబెట్టవచ్చు. మనిషికి తన చేతుల మీద నమ్మకం పోతే ఏ ఫర్నేస్‌లో పెట్టాలి? మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు సీసా మీద సంతకం పెడతారు, ఆ సీసాను నమ్మి ఇంకొకరు పని చేస్తారు. అందుకే ఇంత వివరంగా రాశాను.

సుగుణ థీసిస్ పూర్తి చేసింది. మౌఖిక పరీక్షకు బయటి ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. గది నిండా విద్యార్థులు, వెనక గోడకు ఆనుకుని మునిరత్నం. ఆమె వానాకాలం ఫలితాలు దాచలేదు, ఒక అధ్యాయంగానే రాసింది. పరీక్షకుడు ఆ అధ్యాయం దగ్గర ఆగారు.

"సిలికాలో తేమ ఉందని మొదట కనిపెట్టింది ఎవరు?"

సుగుణ వెనక గోడ వైపు చెయ్యి చూపించింది. "మా మునిరత్నమన్న సార్."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. "మీకెలా తెలిసిందయ్యా?" అని ఆయన అడిగారు.

మునిరత్నం చేతులు కట్టుకుని, "గాజులో కనపడింది సార్. అంతే" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు, పరీక్షకుడు కూడా.

ఆయన పేజీ తిప్పి, "మరి ఆ సిలికాను అలా నిల్వ చేసింది ఎవరు?" అని అడిగారు.

సుగుణ పుస్తకంలోకి చూసింది. నా పేరు ఆమె థీసిస్‌లో ఎక్కడా రాయలేదు, అప్పుడూ చెప్పలేదు. వరదాచారి సారు కూడా నా వైపు చూడలేదు.

"నేనే సార్" అని లేచి నిలబడ్డాను. ఈసారి సోమవారం దాకా ఆగలేదు.